మునుం కొస

జీవమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆదివారం ప్రార్థనకు పోయినా అంతే. పాస్టరయ్య కళ్ళు మూసుకుని దీర్ఘంగా దేవుణ్ణి వేడుకుంటూ ఉంటే, ఈమె తాను కూర్చున్న చాపలోంచి ఒక్కొక్క ఈతాకు లాగి పక్కన పేర్చేది. ప్రార్థన ముగిసేసరికి చాపకు ఒక మూల బోడి అయ్యేది. "నీ చేతుల్లో ఏం దూరిందే?" అని మొగుడు ఏసేపు నవ్వేవాడు. ఏం దూరిందో ఆమెకు మాత్రం ఏం తెలుసు! కలుపు మొక్క కంటపడితే చాలు, ఎవరి చేనైనా సరే, వంగి పీకి పారేస్తే గానీ కాలు ముందుకు పడేది కాదు.

అందుకే వేంపల్లె చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో చెనిక్కాయ కలుపులు వచ్చాయంటే జీవమ్మను పిలవని ఇల్లు లేదు. కలుపు తీసే ఆడవాళ్ళు పక్కపక్కన సాళ్ళు పట్టి, ఒకే వరసలో ముందుకు జరుగుతూ పోతారు. ఆ వరసనే మునుం అంటారు. మునుంకు కుడి కొస పట్టిన మనిషే పెద్ద. ఆమె ఎంత వేగంగా పోతే అందరిదీ అంత వేగం. ఆమెను దాటి ఎవరూ జానెడు కూడా ముందుకు పోకూడదు. పోయారంటే నలుగురిలో ఆమె చెంప పగలగొట్టినట్టే. ఆమె తనంతట తాను చేతిలోది నేలమీద పెట్టి లేస్తే తప్ప ఆ చోటు ఇంకొకరికి రాదు.

జీవమ్మ పట్టిన కొస పదహారేళ్ళుగా విడవలేదు. ఆమె మునుం మధ్యాహ్నం సద్ది వేళకు అవతలి గట్టు తాకేది. వెనక్కి తిరిగి చూస్తే సాళ్ళలో గరికపోచ కూడా ఉండేది కాదు. 'జీవమ్మ చెయ్యి' అని రైతులు సంతలో చెప్పుకునేవాళ్ళు. ఆమెకు గుంటెడు నేల లేదు, మెడలో పూసల దండ తప్ప నగ లేదు. ఉన్నదల్లా ఆ పేరే. దాన్ని ఆమె నెత్తిన పెట్టుకుని తిరిగేది, ఆ సంగతి దాచుకునేది కూడా కాదు.

వాళ్ళ పేటకు ఎగువన ఒక గుట్ట ఉంది. ఒకప్పుడు దాని మీద ఎర్రచందనం, యేగి, చిరుమాను, సండ్ర చెట్లు దట్టంగా ఉండేవి. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచాయి కదా, ఆ బొగ్గంతా ఇట్లాంటి గుట్టల నుంచి పోయిందే. జీవమ్మా ఏసేపూ కూడా ఆ బట్టీల్లో చెట్లు కొట్టినవాళ్ళే. కడుపు కోసం కొట్టారు, ఎవరిని తప్పుపట్టాలి? చెట్లు పోయిన చోటికి పులికంప వచ్చింది. ఏ దొరసాని బంగళా ముందు పూల ముచ్చటకు నాటిందో, అక్కడి నుంచి పిట్టలు మోసుకొచ్చాయని అంటారు. పసుపూ గులాబీ కలిసిన చిన్న పూలు, చేత్తో నలిపితే ఘాటు వాసన, కాడ నిండా గరగరలాడే సన్నని ముళ్ళు. మేకలు మూతి కూడా పెట్టవు. నేలంతా పాకి, గడ్డిని మింగి, కింద మొలిచిన మొక్కకు ఎండ తగలనివ్వదు.

గుట్ట కింద వంకలో ఇసుక తోడి చేసుకున్న చెలమ ఒకటి ఉంది. పేటలోని ముప్పై ఇళ్ళకు తాగేనీళ్ళు అవే. చెట్లు ఉన్నప్పుడు మోకాలి లోతు తోడితే నీళ్ళు వచ్చేవి. గుట్ట బోడి అయినాక ఏటికేడు లోతుకు పోసాగాయి. అవి కూడా ఎండిపోతే రామేశ్వరమ్మ మోటబావే దిక్కు. రామేశ్వరమ్మ అరవై ఎకరాల ఆసామి, మొగుడు పోయినాక సేద్యం తానే చేయించుకుంటోంది. చెడ్డ మనిషి కాదు. కానీ పేటవాళ్ళు ఆ బావి గట్టెక్కకూడదు. కింద నిలబడి, పైన ఉన్నవాళ్ళలో ఎవరికో ఒకరికి మనసు పుట్టేదాకా చూస్తూ ఉండాలి. వాళ్ళు చేదిన నీళ్ళు పై నుంచి వంచి పోస్తే, కింద బిందె పట్టుకోవాలి. సగం బిందెలో, సగం నేలమీద. ఒక నిమిషం ఊరికే ఉండలేని జీవమ్మ అక్కడ పూటపూటంతా నిలబడేది. ఆ బావి దగ్గరికి పోవాల్సి వచ్చిన రోజు ఆమె ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

గంజి కేంద్రాలు పెట్టిన కరువు ఏడు పోయిన మరుసటేడు ఫారెస్టువాళ్ళు ఆ గుట్ట చుట్టూ కంచె వేశారు. పాత అడవిని మళ్ళీ లేపుతామన్నారు. కోసిగి పక్క నుంచి వచ్చిన బసవరాజు అనే రేంజరు పేటకు వచ్చి, "ముందు ఈ కంప పోవాల. ఎవరు తీస్తారు?" అని అడిగాడు. అందరూ జీవమ్మ వైపే చూశారు. ఆమె ఎగిరి గంతేసింది. గుట్ట మీద చెట్లు లేస్తే చెలమలో నీళ్ళు నిలుస్తాయి, బావి కింద నిలబడే రోజులు పోతాయి. ఇంతకంటే ఏం కావాలి!

నలభై మంది ఆడవాళ్ళతో మునుం పట్టింది. కలుపు తీసే తొలిక బదులు కొడవలి, గడ్డపార. మృగశిర కార్తె మొదట్లో మూడే మూడు రోజుల్లో గుట్టను కింద నుంచి పైదాకా ఊడ్చేసింది. తెల్లమద్ది పిలకా, కలివి పొదా, బోదగడ్డీ, ఏది అడ్డం వచ్చినా ఆగలేదు. ఆకు రాల్చిన చందనం మొలకలు ఎండుపుల్లల్లా ఉంటే అవి కూడా కంపతో పాటే పోయాయి. చెనిక్కాయ చేనులో అంతే కదా, చెనిక్కాయ కానిదంతా కలుపే. ఒక్క మూల మాత్రం విడిచిపెట్టారు. అక్కడ మూడు ముసలి చిరుమాను చెట్లకు పెద్దతేనె పట్టు వేలాడుతోంది, దగ్గరికి పోతే ఈగలు లేస్తాయని భయం. "వచ్చేడు చూసుకుందాంలే" అన్నారు. బసవరాజు గుట్టను చూసి ముక్కుమీద వేలు వేసుకున్నాడు. "ఏం చెయ్యమ్మా అది, మిషనా!" అన్నాడు. ఆ మాట జీవమ్మ వారం రోజులు చెప్పుకుంది.

ఆరుద్రలో వాన పడింది. ఒక్కటే వాన, మూడు గంటలు. తెల్లారి బిందె ఎత్తుకుని వంకకు పోయిన జీవమ్మకు చెలమ కనపడలేదు. ఉన్న చోట ఎర్రటి బురద, కాలు పెడితే తొడదాకా దిగబడేంత. గుట్ట మీద పట్టుకునే వేరంటూ లేక మన్నంతా జారి వచ్చి వంకలో కూర్చుంది. ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనే చేసితి, నా చేతులే చేసినాయి అని జీవమ్మ గుండెలు బాదుకుంది. ఏసేపు రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోవాల్సి వచ్చింది.

నెల తిరక్కుండా పులికంప మళ్ళీ లేచింది. నేలలో తెగి మిగిలిన ప్రతి వేరుముక్కా నాలుగు పిలకలు వేసింది. ఫారెస్టువాళ్ళు నాటిన మొక్కల్లో పదోవంతు కూడా మిగలలేదు. పేట మొత్తం మాఘమాసం దాకా మోటబావి కింద నిలబడింది.

గుట్టకు కాపలా ఉండే ఫారెస్టు గార్డు గోపన్న మెతక మనిషి, నడక కూడా మెల్లగా. ఒకనాడు జీవమ్మ గుట్ట మీద ఒంటరిగా కూర్చుని దొరికిన కంపనల్లా కసిగా పీకుతుంటే వచ్చి పిలిచాడు.

"జీవమ్మా, ఒక్కతూరి ఇట్ల రా. నీకొకటి చూపిస్తా."

తేనెపట్టు మూలకు తీసుకుపోయాడు. ఈగలు ఎప్పుడో పోయాయి. చిరుమాను చెట్ల కింద బోదగడ్డి నడుం ఎత్తుకు లేచి ఉంది. దాని మధ్యలో చందనం మొలకలు, యేగి మొలకలు, లేత ఆకులతో. అంచున పులికంప ఉంది గానీ, గడ్డి దట్టంగా ఉన్న చోటికి రాలేకపోయింది. కింద మన్ను నల్లగా, కదలకుండా ఉంది.

"మీరు ముట్టని చోటే ఇది," అన్నాడు గోపన్న.

జీవమ్మకు తల కొట్టేసినట్టయింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి అంచున ఉన్న కంపను ఒక మూర మేర వేరుతో సహా మెల్లగా తవ్వి తీసింది. ఇంకా తీయబోతే గోపన్న ఆపాడు.

"చాలు. ఆ మూరలోకి గడ్డి రానీ. వచ్చినాక ఇంకో మూర."

"అంతవరకు నేనేం చెయ్యాల?"

"ఊరికే ఉండాల."

"అదే నాతో కాదప్పా!" అంది జీవమ్మ, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ ఏడంతా ఆమె గుట్ట మీద కూలికి పోయింది. మంచి మొక్కలు ఉన్న చోట మొదలుపెట్టి, బయటికి, మూర తర్వాత మూర. పీకిన కంపను వేర్లు పైకి పెట్టి ఎండేసి, నీళ్ళు జారకుండా వాలుకు అడ్డంగా పేర్చేది. మూర పీకినాక చేతులు దురద పెట్టేవి. ఎదురుగా అంత కంప పెట్టుకుని లేచి రావడమంటే ఆమెకు ఆకలితో విస్తరి ముందు నుంచి లేచినట్టు ఉండేది. కాలుగాలిన పిల్లిలా కంచె వెంబడి తిరిగేది. ఒక్కోసారి ఆపుకోలేక రెండు మూరలు పీకేసి, గోపన్న చూడకముందే ఆ చోట ఎండుగడ్డి కప్పేది. అయినా ఎండాకాలం వచ్చేసరికి ఆ మూల నాలుగు గుడిసెలు పట్టేంత వెడల్పయింది. మాఘంలో పేట ఆడవాళ్ళు పదకొండు రోజులు బురద మోసి చెలమను మళ్ళీ తోడారు. అడుగున నీళ్ళు ఊరాయి. మొదటి చెంబు జీవమ్మే ముంచింది. ఇంకొక్కసారి గుట్ట జారిందంటే ఈ చెలమ మళ్ళీ తేలదని ఆమెకు తెలుసు.

మరుసటి ఏడు ఆరుద్రలో ఒక్క చినుకు లేదు. ఆకాశం రోజూ మబ్బు పట్టి ఊరిస్తోంది. పునర్వసు కార్తెకు వారం ముందు బసవరాజు జీపులో దిగాడు.

"ఏమ్మా జీవమ్మా, ఈసారి ఎనిమిది దినాలు ఇస్తాండా. కర్నూలు నుంచి పెద్దదొర వనమహోత్సవానికి వస్తాండాడు. గుట్ట మీద ఒక్క కంప కనపడగూడదు. పోయినేటి మాదిరి నున్నగా చెయ్యాల."

జీవమ్మ ముందుకు వచ్చింది. "సారూ, ఒక్క మాట. అంతా ఒకేసారి పీకొద్దు. మంచి చెట్లుండే కాడ నుంచి కొంచెం కొంచెం చేసుకుంటా పోదాం."

"మంచి చెట్లు యాడుండాయమ్మా? నాకు కనపడేదంతా కంపే."

"ఆ మూల చూడు సారూ, ఎట్ల లేచినాయో. కంపను ఒక్కతూరి ఎత్తేస్తే మన్ను నిలవదు. వాన పడితే అంతా వచ్చి మా చెలమలో కూర్చుంటాది. పోయినేడు చూసినాం గదా."

గోపన్న కూడా గొంతు సవరించుకున్నాడు గానీ, బసవరాజు చూసిన చూపుకు మాట లోపలే ఆగిపోయింది.

"చెలమ సంగతి నా కాయితాల్లో లేదు. సర్కారు దుడ్లు పెట్టి కంచె వేసింది కంపను కాపాడేకి గాదు. మీకు చేతగాకుంటే చెప్పండి, ముద్దనూరు పక్క నుంచి లారీలో కూలోళ్ళను దింపుతా," అని జీపెక్కాడు.

దింపుతాడు. అందులో అనుమానం లేదు. అప్పుడు గుట్టా పోతుంది, ఎనిమిది రోజుల కూలీ పోతుంది. ఏరువాక ఇంకా సాగలేదు, పేటలో ఏ ఇంట్లోనూ రెండు పూటలా సంగటి లేదు. జీవమ్మ ఆ సాయంత్రం వంకలో పైకీ కిందికీ తిరిగింది. చెలమ దగ్గర ఆగింది, మళ్ళీ తిరిగింది. తిరిగి తిరిగి గోపన్న దగ్గరికి పోయింది.

"గోపన్నా, మెల్లగా పోతే ఎనిమిది దినాల్లో ఎంత అయితాది?"

"నీ చెయ్యా? మెల్లగానా?" అని గోపన్న నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"కొసలో నేనుంటా. నన్నెవరూ దాటరు," అంది జీవమ్మ. "కావాలని చేసినానని తెలిస్తే మా పేటోళ్ళను ఇంకెప్పుడూ పనికి పిలవరు. నువ్వు నోరు మెదపొద్దు."

తెల్లారి నలభై మంది గుట్టెక్కారు. కొస పట్టిన మనిషి ఎక్కడ కూర్చుంటే మునుం అక్కడే మొదలు. జీవమ్మ తిన్నగా పోయి చిరుమాను చెట్ల మూలలో, బోదగడ్డి అంచున కూర్చుంది. ఆడవాళ్ళు ఆమె ఎడమ పక్కన ఆ అంచు పొడుగునా వరసకట్టారు. ఆమె పక్కనే తోడికోడలు జ్ఞానమణి. ముప్పై దాటని మనిషి, చురుకైన చెయ్యి, ఆ కొస ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పెళ్ళై వచ్చిన నాటి నుంచీ చూస్తున్న మనిషి.

జీవమ్మ ఒక కంప పట్టుకుంది. చుట్టూ మన్ను వేళ్ళతో తడిమింది. వేరు ఎక్కడిదాకా పోయిందో చూసి, గడ్డపారతో మెల్లగా లేపి, తీసి, అడ్డంగా పేర్చింది. కింద ఒక యేగి మొలక కనపడితే చుట్టూ గులకరాళ్ళు పెట్టింది. తర్వాత రెండో కంప. అప్పటికి మిగిలినవాళ్ళు తమ ముందున్నవి తీసేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"అక్కా, నిద్రపోతాండావా ఏంది?" అంది జ్ఞానమణి.

"రెట్ట లేస్తాలేదే," అంది జీవమ్మ కుడి భుజం పట్టుకుని. "ఎముకల్లో ఏదో పట్టింది."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన పెద్ద అబద్ధం అదే. నాలుక మీద చేదు తగిలినట్టయింది.

మొదటిరోజు పది మూరలు పోలేదు. రెండో రోజు గుసగుసలు మొదలయ్యాయి. మూడో రోజు బాహాటంగానే నవ్వారు. "పాపం, వయసు మీద పడింది." "జీవమ్మ చెయ్యి పడిపోయిందంటే పడిపోయింది మరి." ఒకామె నూనె కాచి తెచ్చి భుజానికి రాసింది. ఏ నొప్పీ లేని భుజం మీద ఆ వేడి నూనె కారుతుంటే జీవమ్మకు చచ్చిపోవాలనిపించింది. చేతులేమో లోపల ఒకటే పోరు పెడుతున్నాయి. పక్కనున్న కంపను ఒక్క గుంజుతో లాగి పారేయగలవు అవి. వాటిని ఆపడానికి ఆమె పళ్ళు బిగపట్టి, మొలకల పక్క గులకరాళ్ళు ఒకటి తీసి ఒకటి పెట్టేది. ఇన్నేళ్ళూ పరుగెత్తినా రాని ఆయాసం ఈ నిదానంతో వచ్చింది. ఇంటికి పోయి గోడకు జారగిలబడితే ఏసేపు గంజి చేతికిచ్చేవాడు.

అయిదో రోజు బసవరాజు వచ్చాడు. గుట్ట చూశాడు. నాలుగోవంతు కూడా కాలేదు. ఒంటికాలి మీద లేచాడు.

"ఏందిది? నలభై మంది అయిదు దినాలు చేసిన పనా ఇది? కుర్చీలేసుకొని కూర్చున్నారా?"

"నా చెయ్యి బాగలేదు సారూ," అంది జీవమ్మ తల ఎత్తకుండా.

"బాగలేకుంటే పక్కకు పో. ఏయ్ అమ్మీ, నీ పేరేంది? జ్ఞానమణా? నువ్వు ముందుండి నడిపించు. మూడు దినాల్లో అయిపోవాల."

జ్ఞానమణి ఇన్నేళ్ళుగా కాచుకున్న మాట అదే. లేచి నిలబడి ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, ముప్పై ఎనిమిది మంది వెనకాలే పోతారు. సాయంత్రానికి గుట్ట సగం బోడి అవుతుంది. పైన మబ్బు నల్లగా దిగి ఉంది.

జ్ఞానమణి లేచింది. కొంగు నడుముకు బిగించింది. జీవమ్మ చేతిలోని కొడవలి వైపు చూసింది. జీవమ్మ దాన్ని కింద పెట్టలేదు.

"కొసలో ఉండే మనిషి ఉండాది గదా సారూ," అంది జ్ఞానమణి.

"ఉంటే ఏం? దాటుకొని పో!"

"ఆమె కొడవలి కింద పెడితే నేను పట్టుకుంటా. కూర్చోనుండంగా దాటి పోతే, రేపు నన్ను గూడా దాటుతారు." చెప్పి, విసురుగా మళ్ళీ కూర్చుంది. "పెట్టక్కా కింద, ఎందుకంత పట్టుదల! చేతగానప్పుడు ఒప్పుకోవాల గదా!"

జీవమ్మ పెట్టలేదు. బసవరాజు వరస పొడుగునా నడిచి, ఒక్కొక్కరినీ లెమ్మన్నాడు, ముందుకు పొమ్మన్నాడు. ఒక్కరు లేవలేదు. "మీ మునుం గినుం నా దగ్గర కాదు!" అని అరిచాడు. ఆడవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ముద్దనూరు నుంచి లారీ రప్పిస్తానని జీపెక్కి పోయాడు. సిగ్గుతో జీవమ్మ మొహం మండిపోతోంది. అయినా చెయ్యి మాత్రం వేగం పెంచలేదు. ఇంకో కంప. ఇంకో మూర.

లారీ రాకముందే వాన వచ్చింది. ఆరో రోజు పొద్దెక్కిన వేళ మొదలై సాయంత్రం దాకా కుండపోత. పాపాఘ్ని ఏరు పొంగి దారులు తెగాయి. ఆడవాళ్ళంతా ఇళ్ళకు పరుగెత్తారు. జీవమ్మ మాత్రం కిందికి, వంకకు పరుగెత్తింది. తడిసి ముద్దై ఒడ్డున నిలబడింది. గుట్ట మీద నుంచి నీళ్ళు దిగుతున్నాయి. దోసిలి పట్టి చూసింది. మళ్ళీ పట్టి చూసింది. ఆకులున్నాయి, పుల్లలున్నాయి, ఎర్రమన్ను లేదు. "దేవా, దేవా," అంటూ ఆ వానలో కూలబడి ఏడ్చింది.

పెద్దదొర పది రోజులు ఆలస్యంగా వచ్చాడు. బురదని జీపు దిగలేదు. రోడ్డు పక్కనే ఒక మొక్క నాటి, పూలదండ వేయించుకుని, గుట్ట వైపు చెయ్యి ఊపి పోయాడు. బసవరాజుకు ఊపిరి వచ్చింది. "మిగిలింది నువ్వే ఎట్లో చేయించు," అని గోపన్న మీద వేసి, తన పని తాను చూసుకున్నాడు. గోపన్నకు కావాల్సిందీ అదే. మూరా మూరా చేయించుకుంటూ పోయాడు. వచ్చే ఏడూ పనికి ఆ నలభై మందే అని పట్టీలో రాయించాడు.

శ్రావణంలో చెనిక్కాయ కలుపులు వచ్చాయి. జీవమ్మ ఎప్పటిలాగే తెల్లారకముందే తొలిక నడుముకు దోపుకుని రామేశ్వరమ్మ చేనుకు పోయింది. చేను నిండా కలుపు. చూస్తూనే ఆమె వేళ్ళు ముడుచుకున్నాయి. కుడి కొస వైపు నడుస్తుంటే గట్టు మీద నుంచి రామేశ్వరమ్మ పిలిచింది.

"ఏమే జీవా, నీ చెయ్యి బాగలేదంట గదా. ఊరంతా చెప్పుకుంటాండారు. ఈ ఏడు జ్ఞానమణిని పట్టమన్నా. నువ్వు నీళ్ళు మొయ్యి. చంకన పెట్టుకొని వస్తే రెట్టకు బరువుండదులే."

నీళ్ళు మోయడం ముసలాళ్ళకిచ్చే పని. జీవమ్మ నోరు తెరిచింది. నా చెయ్యి బంగారంలా ఉందని, ఈ మునుంను సద్ది వేళకు అవతలి గట్టుకు చేరుస్తానని చెబితే ఎంత సేపు? చెబితే ఆ మాట సాయంత్రానికి ఫారెస్టు బంగళాకు చేరుతుంది. తొలిక నడుములోంచి తీసి గట్టు మీద పెట్టింది.

"అట్లే అమ్మా," అంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. మునుం ఇంకా చేను సగానికి కూడా రాలేదు. జ్ఞానమణి మంచిదే గానీ, జీవమ్మ అయి ఉంటే! ఈపాటికి ఆ రేగుచెట్టు దాటి ఉండేది. ఆ సాలులో తుంగ వేరు ఉండిపోయింది, ఈ సాలులో పైపైన గీకారు. చూడలేక మొహం తిప్పుకుంది. ఇత్తడి బిందె నిండా నీళ్ళు చంకన పెట్టుకుని వరస వెంబడి అందరికీ పోస్తూ, కొసకు వచ్చింది. ఖాళీ అయితే మళ్ళీ పోయి నింపుకొచ్చింది. ఇది మూడో బిందె.

జ్ఞానమణి చెమట తుడుచుకుని దోసిలి పట్టింది. గటగటా తాగి, ఆగి, దోసిట్లోకి చూసింది.

"తేటగా ఉండాయే! యాడివక్కా ఈ నీళ్ళు?"

"మన చెలమవే."

"శ్రావణంలోనా? పోయినేడు ఈ దినాల్లో బావి కింద నిలబడి ఉంటిమే."

"ఊఁ. ఇంకొన్ని పోసేదా?"

"పొయ్యి. ఉండు, అలసట తీర్చుకోనీ."

జీవమ్మ బిందెను దించి పక్కన పెట్టింది. దించాక గానీ ఆమెకు తెలియలేదు, అంత బరువు బిందెను కుడిచేత్తో మెడ పట్టి, చుక్క తొణక్కుండా దించిందని. జ్ఞానమణి ఆ చేతి వైపు చూసింది. భుజం వైపు చూసింది. తర్వాత దూరంగా గుట్ట వైపు, చిరుమాను చెట్ల మూల వైపు చూసింది.

"అక్కా... నీ రెట్ట..."

"మెల్లగా మాట్లాడు."

"నేను నిన్ను నలుగురిలో చేతగాదంటినే. ఆ రేంజరు ముందర." జ్ఞానమణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలోని తొలికను తిప్పి, పిడి జీవమ్మ వైపు పెట్టి చాపింది. "పట్టక్కా. ఈ కొస నీది. నేను నీళ్ళు మోస్తా."

జీవమ్మ ఆ పిడి వైపు చూసింది. చెయ్యి దానంతట అది లేవబోయింది. గట్టు మీద రామేశ్వరమ్మ గొడుగు కింద నిలబడి ఇటే చూస్తోంది. వరసలో ముప్పై ఎనిమిది తలలు ఇటు తిరిగాయి. జీవమ్మ లేవబోయిన చేతిని చంకలో దూర్చుకుంది. ఎడమచేత్తో బిందె వంచి, జ్ఞానమణి దోసిట్లో నీళ్ళు పోసింది.

"తాగి కూర్చో," అంది. "నీ కోసం మునుం ఆగిపోయింది."